రెండోసారి అడగొద్దు

ముప్పై అయిదు మార్కులు వస్తే పదో తరగతి పాసు. ముప్పై ఎనిమిది శాతం వస్తే వైకల్యం ఫెయిలు.

ఇరవై రెండేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న సుకన్యకు ఈ లెక్క కొత్త. ఫోనులో వచ్చిన మెసేజీని స్టాఫ్ రూంలో కిటికీ దగ్గర నిలబడి మూడుసార్లు చదివింది. పేరు అక్షర, వయసు పందొమ్మిది, వైకల్యం ముప్పై ఎనిమిది శాతం. నలభైకి తక్కువ ఉన్నందువల్ల దివ్యాంగుల ఆరోగ్య బీమాకు అర్హత లేదు. ధన్యవాదాలు.

ఆ ధన్యవాదాలు ఎందుకో మొదట అర్థం కాలేదు. నలభై కాకుండా ఆగినందుకు కాబోలు అనుకుంది.

అక్షర ఆమె ఒక్కగానొక్క కూతురు. పుట్టుకలో మెదడుకు గాలి అందక కుడి చేయి, కుడి కాలు బిగుసుకుపోయాయి. కాలు ఈడ్చినా నడిచేది, డిగ్రీ మొదటి సంవత్సరం చదివేది. ఏడాదిగా కుడి తొడ ఎముక తుంటి గిన్నెలోంచి జారుతోంది. హనుమకొండలో ఎముకల డాక్టరు ఎక్స్‌రేను లైటుకు పెట్టి చూపించాడు. “ఎండాకాలం దాటనియ్యకండి. ఇప్పుడు చేస్తే నడుస్తది. మొత్తం జారినంక చేస్తే, నొప్పి లేకుండ కూర్చుంటే అదే ఎక్కువ” అన్నాడు. కార్డు ఉంటే ఏ మంగళవారమైనా చేస్తామన్నారు. కార్డు లేకపోతే ఎంతవుతుందో కాగితం మీద రాసి మడిచి ఇచ్చారు. సుకన్య ఆ మడత ఒక్కసారి విప్పింది, మళ్లీ విప్పలేదు.

నవంబరు దాకా కార్డు ఉండేది. భర్త భానుచందర్ ఏనుమాముల దారిలో ఒక జిన్నింగు మిల్లులో కాంటా గుమాస్తా. ఆయన ఈఎస్‌ఐ కార్డు మీదే ఇంటిల్లిపాదికీ మందులు వచ్చేవి. ఒకరోజు పత్తి లారీ తూకం రాస్తూ కాంటా దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. ఎవరడిగినా సుకన్య ఈ ఒక్క వాక్యమే చెప్పేది. దీని తర్వాతి వాక్యం ఆమె దగ్గర లేదు. ఆయనతోపాటే కార్డూ పోయింది. తను పనిచేసే ప్రైవేటు బడి ఇలాంటి కార్డుల జోలికి పోయే బడి కాదు. ఆయన పోయినప్పుడు ప్రార్థనలో ఒక నిమిషం మౌనం పాటించింది. సుకన్య పోగొట్టిన పీరియడ్లను శనివారాలు పిలిపించి భర్తీ చేయించుకుంది.

ఇంట్లో ఇంకో కార్డు ఉంది. అత్తగారు చిలుకమ్మది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. నోట్లో ముప్పై పళ్లున్నాయి, మక్క కంకిని మనవరాలికంటే ముందు ఒలుచుకుతింటుంది. కాన్పులు కూడా ఇంట్లోనే అయిన మనిషి, దవాఖాన గడప తొక్కి ఎరగదు. కిందటేడు గల్లీలోకి ఎవరో వచ్చి ఆధార్ చూసి, వేలిముద్ర తీసుకుని, డెబ్బై దాటింది కదా అని ఆరోగ్య బీమా కార్డు చేతిలో పెట్టి పోయారు. ఎంత శాతం ముసలిదానివి అని అడగలేదు.

ఆ సాయంత్రం సంగతి విని చిలుకమ్మ పెట్టెలోంచి తన కార్డు తెచ్చింది.

“నాది ఉత్తగనే పడున్నది గద బిడ్డా. దీని మీద చేపియ్యరాదు పిల్లకు?”

“అది నీ పేరు మీదున్నది అత్తమ్మా. చేస్తే నీ తుంటికే చేస్తరు.”

“నా తుంటికి ఏమైంది? గడ్డపారోలె ఉన్నది.”

“అందుకే ఇచ్చిండ్రు.”

చిలుకమ్మ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. “మంచిగున్నోళ్లకే ఇస్తరేమో” అని మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

జరిగిన తప్పు ఎవరిదో సుకన్యకు అప్పటికే తెలుసు. అది ఒక్క టీచరింట్లో మాత్రమే జరగగల తప్పు.

నెల కిందట మీసేవ నడిపే రాంప్రసాద్ వైకల్యం శాతం తేల్చే క్యాంపుకు స్లాటు బుక్ చేసి కాగితం ఇచ్చాడు. దాన్ని చేతిలోకి తీసుకోగానే సుకన్య అడిగిన మొదటి మాట, “ఏమేం అడుగుతరు?” అతను వేళ్లు మడిచి చెప్పాడు. మెట్లెక్కిస్తరు, గ్లాసు పట్టిస్తరు, పేరు రాపిస్తరు, అంగీ గుండీలు పెట్టిస్తరు. సుకన్య నాలుగింటికీ అంకెలు వేసి కాగితం వెనక రాసుకుంది. అంకెలు వేసి రాసుకున్నదేదైనా ఆమెకు సిలబసే. సిలబసు పూర్తి చేయకుండా ఒక్క పిల్లను కూడా పరీక్షకు పంపిన పాపం ఆమె ఎరగదు.

వారం రోజులు ఇంట్లో ప్రిపరేషను నడిచింది. గ్లాసుకు పొద్దున, పేరుకు సాయంత్రం, మెట్లకు మధ్యాహ్నం. గుండీలకు మాత్రం ప్రిపరేషను అక్కర్లేదు. ఆ పాఠం భానుచందర్ ఎప్పుడో పూర్తి చేసి వెళ్లాడు.

అక్షరకు ఎనిమిదేళ్లప్పుడు మొదలుపెట్టాడు. మిల్లు నుంచి జుట్టులో పత్తి పోగులతో వచ్చి, కాళ్లు కడుక్కుని, తన పాత చొక్కా కూతురికి తొడిగి ఎదురుగా కూర్చునేవాడు. ఎడమ చేత్తో కాజా పట్టుకోవాలి, కుడి బొటనవేలితో గుండీని తొయ్యాలి. వినడానికి ఇంతే. నేర్పడానికి నాలుగేళ్లు పట్టింది. పన్నెండేళ్ల వయసులో మొదటిసారి ఏడు గుండీలూ పెట్టుకున్న రోజున ఆయన మిల్లులో హమాలీలందరికీ మిఠాయి పంచాడు.

కానీ అది రోజుకు ఒక్కసారి చేసే పని. ఏడు గుండీలకు ఆ చేతిలోని సత్తువంతా ఖర్చయ్యేది. వెంటనే రెండోసారి చేయమంటే భుజం దగ్గర మొదలై చేయంతా బిగుసుకుని, మోచేయి ముడుచుకుని, పిడికిలి ఛాతీకి అంటుకుపోయేది. మళ్లీ విప్పుకునేసరికి రాత్రయ్యేది, నొప్పికి పిల్ల వెక్కిళ్లు పెట్టేది. పెళ్లిళ్లలో, పుట్టువెంట్రుకల దావతుల్లో చుట్టాలు చుట్టూ చేరేవాళ్లు. “ఏదీ బిడ్డా, మల్లొకపారి పెట్టు, మీ మామ చూడలే” అనేవాళ్లు. భానుచందర్ నవ్వుతూనే అడ్డం వచ్చేవాడు. “ఒక్కసారే బావా. నా బిడ్డె సర్కసు కాదు.” ఎక్సర్‌సైజులు రాసుకునే నోటుబుక్కు మొదటి పేజీలో, ఇంటికి వచ్చే ఫిజియో అమ్మాయి కోసం, పెద్ద అక్షరాలతో రాసి పెట్టాడు. రెండోసారి అడగొద్దు.

అందుకని క్యాంపు రోజు పొద్దున అక్షర చొక్కా గుండీలు సుకన్యే పెట్టింది. ఉన్న ఒక్కసారినీ పరీక్షకు దాచింది. ఆ చొక్కా భానుచందర్‌ది, నీలం రంగుది. అదే వేసుకుంటానని అక్షర పట్టుబట్టింది. చిలుకమ్మ పెరుగూ చక్కెరా నోట్లో పెట్టి, “నూటికి నూరు తెచ్చుకో బిడ్డా” అని పంపింది. కరీమాబాద్‌లో ఆటో ఎక్కి, అండర్ బ్రిడ్జి దాటి హనుమకొండ చేరేదాకా తల్లీకూతుళ్లు గ్లాసు ఏ చేత్తో అందుకోవాలో మాట్లాడుకుంటూనే ఉన్నారు.

క్యాంపు పై అంతస్తులో పెట్టారు. చక్రాల కుర్చీల కోసం కట్టిన ఏటవాలు దారి కింద ఉండనే ఉంది, దాని నిండా మోటారు సైకిళ్లు పార్కు చేసి ఉన్నాయి. గోడకు కట్టిన బ్యానరు మాత్రం దివ్యాంగులకు స్వాగతం చెబుతోంది. మెట్లు ఎక్కగలిగినవాళ్లే పరీక్షకు అందుతారు. మెట్లెక్కి వచ్చారు గనక శాతం తగ్గుతుంది. ఈ లెక్క ఎవరు కట్టారో గానీ శేషం లేకుండా కట్టారు.

పైన బెంచీ మీద సుల్తానా బేగం అనే ఆవిడ, కొడుకు మజర్ కూర్చుని ఉన్నారు. అతను రంగులు వేసే పనిలో గోడకు కట్టిన గోవ కర్రల మీద నుంచి పడ్డాడట. ఎడమ చేయి తాడులా వేలాడుతోంది. తల్లి అతని చెవి దగ్గర గొణుగుతోంది.

“గ్లాస్ ఇస్తే పట్టుకోకు బేటా. వదిలెయ్.”

“నాకు నిజంగనే పట్టుకోరాదు కద అమ్మీ.”

“అయితే ఇంకా మంచిగ వదిలెయ్. సప్పుడు రావాలె.”

సుకన్య తల తిప్పుకుంది. పిల్లలకు చీటీలు అందించడానికి పరీక్ష హాలు గోడలెక్కే తల్లిదండ్రులు ఆమెకు గుర్తొచ్చారు. సుల్తానా ఆమె చేతిలోని కాగితం వైపు చూసింది.

“మీరు టీచరమ్మనా? అమ్మాయికి నేర్పిన్రా?”

“అన్నీ నేర్పిన. మంచిగ చేస్తది.”

“యా అల్లా!” అంది సుల్తానా. ఇంకేదో చెప్పబోయి, సుకన్య ముఖం చూసి ఆగిపోయింది. “జర ఆలోచన చెయ్యాలె అక్కా, గంతే” అని కొడుకు వైపు తిరిగింది. ఆమె ఏం చెప్పబోయిందో అడిగి ఉంటే సరిపోయేది. టీచర్లు అడగరు, చెబుతారు.

లోపల డాక్టరు చిన్నవాడే. పక్కన కంప్యూటరు ముందు గుమాస్తా. గ్లాసు ఇచ్చారు. అక్షర రెండు చేతులా అందుకుని, చుక్క ఒలకకుండా తాగి, బల్ల మీద పెట్టి థాంక్యూ కూడా చెప్పింది. పేరు రాయమంటే ఇంటిపేరుతో సహా రాసింది. గుండీలు విప్పి పెట్టమన్నారు. లోపల టీషర్టు ఉంది గనక ఎడమ చేత్తో విప్పడానికి సంకోచించలేదు. పెట్టడం మొదలుపెట్టింది. నాలుగో గుండీ దగ్గర డాక్టరు ఫోను పక్కన పెట్టాడు. ఏడో గుండీకి గుమాస్తా చప్పట్లు కొట్టాడు, వెనకే డాక్టరూ కొట్టాడు.

“ఎక్సలెంట్! ఎవరు నేర్పిన్రమ్మా?”

“మా డాడీ.”

“డాడీ రాలేదా?”

“చనిపోయిండు.”

“వెరీ గుడ్” అన్నాడు డాక్టరు, అప్పటికే స్క్రీను వైపు చూస్తూ.

దేన్ని మెచ్చుకున్నాడో ఆయనకే తెలియాలి. కానీ ఆ క్షణంలో సుకన్యకు కోపం రాలేదు. అయిదు నెలల్లో మొదటిసారి ఆమె కళ్లు నిండాయి. ఆయన చెప్పిన పాఠానికి ఆయన లేని గదిలో చప్పట్లు మోగాయి. మెట్లు దిగుతూ అక్షర, “ఫస్ట్ క్లాసేనా అమ్మా?” అంటే, “ఫస్ట్ క్లాసే” అంది.

ఫస్ట్ క్లాసే. రెండు శాతం ఎక్కువ బాగా చేసింది.

మెసేజీ వచ్చిన మర్నాడు సుకన్య బడి విడిచాక మీసేవకు వెళ్లింది. రాంప్రసాద్ మెసేజీ చదివి, జరిగిందంతా విని, తల పట్టుకున్నాడు.

“మేడం, మీరు ఎందుకు నేర్పిన్రు?”

“ఏమడుగుతరో నువ్వే చెప్పినవు గద.”

“నేను చెప్పింది చెయ్యకుండ ఉంటందుకు మేడం! ఎవ్వలన్న క్యాంపుకు ట్యూషన్ పెట్టి తీస్కపోతరా? నా సర్వీసుల చూడలే నేను.”

“ఇప్పుడు?”

“ఒక్క అప్పీలు ఉంటది. ముప్పై దినాల్లోపల. అది గిట్ల పోతే మల్ల ఏడాది దాక అప్లై చెయ్యనియ్యరు.” కీబోర్డు మీదికి వంగి గొంతు తగ్గించాడు. “ఈసారి జర యాక్టింగ్ నేర్పుండ్రి మేడం. తప్పేం లేదు. పాప కాలు నిజమే, చెయ్యి నిజమే. కంప్యూటర్‌కు సమజయ్యేటట్టు చెప్పుడే యాక్టింగ్ అంటే.”

తుంటికి ఏడాది ఆగడం రాదు. సుకన్య అప్పీలు చేయించింది. దారిలో సుల్తానా బేగం గుర్తొచ్చింది. చీటీలు అందించే తల్లి అనుకున్న మనిషే మొత్తం గదిలో ప్రశ్నపత్రం అర్థం చేసుకున్న మనిషి. సుకన్య తన ఇరవై రెండేళ్ల సర్వీసును తలుచుకుని ముఖం చిట్లించింది.

ఆ రాత్రి అన్నాలయ్యాక స్టీలు గ్లాసు ముందు పెట్టి పాఠం మొదలుపెట్టింది.

“దీన్ని పట్టుకున్నట్టు పట్టుకుని వదిలెయ్యి.”

“ఎందుకు?”

చెప్పింది. అక్షర అంతా విని, గ్లాసు కుడి చేత్తో పట్టుకుని వదిలేసింది. నేలను తాకక ముందే ఎడమ చేయి దాన్ని పట్టేసింది. మళ్లీ వదిలింది, మళ్లీ పట్టింది. మూడోసారీ అంతే.

“పట్టుకోకు!”

“నేను పట్టుకుంటలేనమ్మా. అదే పట్టుకుంటాంది. అయినా పడితే సొట్ట పోతది గద.”

చిలుకమ్మకు ఓపిక నశించింది. “ఇటియ్యి, నేను చూపిస్త” అని గ్లాసు లాక్కుంది. చేయి గజగజ వణికించింది. కళ్లు తేలేసింది. గ్లాసును గోడదాకా దొర్లేలా పడేసి, “అయ్యో నా బిడ్డో” అంటూ మంచం మీదికి వాలిపోయింది. అక్షర పొట్ట పట్టుకుని నవ్వింది.

“బాపమ్మకు తొంభై వస్తయ్ అమ్మా.”

“గడ్డపార తుంటికి తొంభై” అంది సుకన్య. చాలా రోజుల తర్వాత ఇంట్లో ముగ్గురూ ఒకేసారి నవ్వారు. నవ్వు ఆగాక సుకన్య గ్లాసు తెచ్చి మళ్లీ ముందు పెట్టింది.

అక్షర దాన్ని ముట్టుకోలేదు. “డాడీ నాలుగేండ్లు నేర్పిండు. నువ్వు నాలుగు దినాల్ల మరిపిస్తవా?”

“ఆపరేషన్ అయినంక మళ్లీ...”

“నేను చేస్తే మంచిగనే చేస్త. అబద్ధం చెయ్యమంటే నేను రాను. నువ్వే కద చిన్నప్పుడు చెప్పినవు, కాపీ కొట్టి పాసయ్యేకంటే ఫెయిలైతే నయమని.”

“ఇది ఆ పరీక్ష కాదు.”

“మరి ఏ పరీక్ష?”

ఈ ప్రశ్న సిలబసులో లేదు. సుకన్య గ్లాసు కడిగి బోర్లించి పడుకుంది. వంట గట్టు దగ్గర అక్షర మాత్రల అట్ట చించే శబ్దం వినిపించింది. నొప్పికి రాత్రి ఒకటి వేసుకోమన్నారు డాక్టర్లు. ఈ మధ్య రెండు వేసుకుంటోంది.

అప్పీలుకు రెండు రోజుల ముందు కాగితాలు సర్దుతుంటే భానుచందర్ నోటుబుక్కు చేతికి వచ్చింది. మొదటి పేజీ తెరిచింది. రెండోసారి అడగొద్దు.  ఇన్నాళ్లూ ఎవరికీ తట్టనిది, ఫారంలో లేనిది, రాంప్రసాద్‌కూ సుల్తానాకూ తెలియనిది ఆ ఒక్క లైనులో ఉంది. అబద్ధం ఆడనక్కర్లేదు. గ్లాసు పడేయనక్కర్లేదు. అడిగితే చాలు.

నోటుబుక్కు మూసేసింది. అక్షరకు ఏమీ చెప్పలేదు. “నీ ఇష్టం వచ్చినట్టే చెయ్యి, మంచిగనే చెయ్యి” అని మాత్రం అంది. అక్షర సంతోషించింది. సంతోషించిన ఆ ముఖాన్ని సుకన్య సరిగా చూడలేదు.

అదే భవనం, అవే మోటారు సైకిళ్లు. ఈసారి మెట్ల మీద అక్షర రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంది. పైన అదే డాక్టరు. చూడగానే గుర్తుపట్టాడు.

“ఓ, గుండీల పాప! రామ్మా, రామ్మా.”

అక్షర నవ్వుతూ వెళ్లి కూర్చుంది. అదే నీలం చొక్కా. గుండీలన్నీ విప్పి, మళ్లీ ఒక్కొక్కటే పెట్టింది. ఏడూ పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది. డాక్టరు గోడ గడియారం చూశాడు.

“పోయినసారికంటే ఫాస్టు. చూడండి మేడం, ఇంత ఇండిపెండెంట్‌గా ఉన్న పాపకు శాతం పెంచమంటే ఎట్ల? మీరే టీచరు కద, మీరే చెప్పండి.”

“మళ్లీ పెట్టమనండి సార్” అంది సుకన్య.

“అవసరం లేదు, నేను చూసిన.”

“మీరు ఒక్కసారి చూసిండ్రు. మీరు పొద్దున అంగీ తొడుక్కుంటరు. మధ్యాహ్నం చెమట పోస్తే మారుస్తరు. ఎవరన్న ఇంటికొస్తే మళ్లీ తొడుక్కుంటరు. ఆ రెండో సారికీ మూడో సారికీ మీ ఫారంల గడి లేదు. నేను అడుగుతాన్న. మళ్లీ పెట్టమనండి.”

డాక్టరు విసుగ్గా కుర్చీలో వెనక్కి వాలాడు. “మీ అమ్మాయే కద. మీరే చెప్పుకోండి.”

ఆ గదిలో ఎవరో ఒకరు అక్షరను మళ్లీ పెట్టమంటారని సుకన్య అనుకుంది. ఆ ఎవరో ఒకరు తనే అవుతానని అనుకోలేదు. అక్షర అప్పటికే తల తిప్పి తల్లిని చూస్తోంది.

“అక్షరా, గుండీలు విప్పి మళ్లీ పెట్టు.”

క్లాసులో వాడే గొంతు అది. వెనక బెంచీదాకా వినపడే గొంతు.

“అమ్మా... ఒక్కసారే కద.”

“పెట్టు.”

అక్షర ఎడమ చేత్తో గుండీలు విప్పింది. కింద నుంచి మొదలుపెట్టింది. ఒకటి. రెండోదానికి బొటనవేలు జారింది, మళ్లీ తోసింది, పట్టింది. మూడో కాజా దగ్గర భుజం చెవి దాకా లేచింది. మోచేయి ముడుచుకుంది. చేయి ఛాతీ మీదికి వచ్చి బిగుసుకుపోయింది. పిడికిట్లో చొక్కా గుడ్డ ఇరుక్కుంది. ఎడమ చేత్తో లాగి చూసింది, వేళ్లు రాలేదు. నోరు ఒక పక్కకు పోయింది. చిన్నప్పటిలా ఏడవలేదు. కళ్లు తల్లి మీద నుంచి తీయలేదు.

గుమాస్తా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. డాక్టరు లేచి వచ్చాడు. ఈ రెండు క్యాంపుల్లో ఆ పిల్ల చేతిని ఆయన ముట్టుకోవడం ఇదే మొదటిసారి. వేళ్లు విప్పబోయి ఆగాడు. సొరుగు లాగి కీళ్ల వంపు కొలిచే కొలబద్ద తీశాడు. అది ఇంకా కంపెనీ కవరులోనే ఉంది. కవరు పళ్లతో చింపి మోచేయి కొలిచాడు, మణికట్టు కొలిచాడు, బల్ల మీద పడుకోబెట్టి తుంటి కొలిచాడు. ఎక్స్‌రే అడిగాడు. పోయినసారి కూడా ఆ ఎక్స్‌రే అదే సంచీలో ఉంది.

“ఇదంత పోయినసారే చెప్పాలె కద మేడం” అన్నాడు, కొంచెం నొచ్చుకున్నట్టుగా.

“పోయినసారి మీరు చప్పట్లు కొడుతుండ్రు సార్.”

ఆయన గుమాస్తా వైపు తిరిగి అంకెలు చెప్పడం మొదలుపెట్టాడు.

మెట్లు దిగడానికి సుకన్య కూతుర్ని దాదాపు ఎత్తుకున్నట్టే పట్టుకుంది. చొక్కా ఇంకా పిడికిట్లోనే ఉంది. ఆటోలో అక్షర అవతలి అంచుకు జరిగి కూర్చుంది. చౌరస్తా దాటారు, స్టేషను దాటారు. అండర్ బ్రిడ్జి కింద ట్రాఫిక్ ఆగింది. పైన రైలు పోతోంది. అది పోయేదాకా ఆగి అక్షర అడిగింది.

“డాడీ ఉంటే అడిగేటోడా?”

“అడిగేటోడు కాదు.”

“మరి నువ్వు?”

“డాడీ ఉంటే కార్డు ఉండేది” అంది సుకన్య.

ఆటో కదిలింది. అక్షర బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికి వెళ్లాక చిలుకమ్మ వేడినీళ్ల గుడ్డ పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే నిమురుతూ ఉండిపోయింది. “ఎవ్వలు చేసిన్రు బిడ్డా ఇట్ల?” అని ఒకసారి అడిగింది. సుకన్య ఇంకో చెంబు వేడినీళ్లు తెచ్చింది. పదకొండింటికి పిడికిలి విడింది. చొక్కా ముడతలు పడి తడిగా ఉంది.

తొమ్మిదో రోజున మెసేజీ వచ్చింది. వైకల్యం నలభై ఆరు శాతం. అర్హులు. సర్టిఫికెట్ తాత్కాలికం. వచ్చే ఏడాది పునఃపరీక్షకు మళ్లీ హాజరు కావలెను. ధన్యవాదాలు.

పుట్టినప్పటి నుంచి ఉన్నదాన్ని తాత్కాలికం అన్నారంటే సర్కారుకు ఎంత ఆశో అనుకుంది సుకన్య. రాంప్రసాద్ మాత్రం ఫోనులో ఎగిరి గంతేశాడు. “నలభై ఆరు! యాక్టింగ్ అదిరింది గద మేడం!” ఆమె ఫోను పెట్టేసింది. కార్డు వచ్చింది. చిలుకమ్మ దాన్ని పెట్టెలో తన కార్డు పక్కన పెట్టి, రెండింటినీ పోల్చి చూసి, “నీదానికి బొమ్మ మంచిగ వచ్చిందే” అంది మనవరాలితో. ఆపరేషనుకు జూన్ మొదటి మంగళవారం ఇచ్చారు.

ఈ రోజులన్నీ అక్షర గుండీలున్న బట్ట వేసుకోలేదు. టీషర్టులతో గడిపింది. తల్లితో మాట్లాడేది, అన్నం పెట్టమనేది, మందులడిగేది. నీలం చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, సుకన్యే కొయ్యకు తగిలించింది. దాన్ని ఎవరూ తీయలేదు.

సోమవారం పొద్దున దవాఖానలో చేరడానికి ఆటో చెప్పారు. సుకన్య సంచీలో ఎక్స్‌రేలు, కార్డు, సర్టిఫికెట్ పెట్టుకుని చూస్తే కొయ్యకు చొక్కా లేదు. లోపలి గది తలుపు మూసి ఉంది.

“ఆటో వచ్చింది బిడ్డా” అంది చిలుకమ్మ తలుపు దగ్గర. “చాతనైతాందా? మీ అమ్మ రావాల్నా?”

“వద్దు.”

బయట ఆటో అతను హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు. సుకన్య గుమ్మంలోకి వెళ్లి ఆగమని చేయి చూపించి, వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. గడియారం వైపు చూడకుండా ఉండడానికి సంచీ జిప్పు వైపు చూసింది.

తలుపు తెరుచుకుంది. చొక్కాకు ఏడు గుండీలూ పెట్టి ఉన్నాయి. అక్షర నుదుటి మీద చెమట ఉంది, కుడి చేయి వదులుగా వేలాడుతోంది.

“పెట్టుకున్న” అంది తల్లి ముఖం చూసి. “మల్ల అడగకు.”

“అడగ” అంది సుకన్య, ఆమె ఎడమ చేయి పట్టుకుని గడప దాటిస్తూ.